అమెరికాలో పాత కారు కొన్నారా, దాని హెడ్‌లైట్లు ఒకసారి చూసుకోండి

ఆగస్టులో ఇక్కడికి చదువుకోడానికి వచ్చినవాళ్ళకి ఇప్పటికి ఓ పాత కరోలానో సివిక్కో ఆల్టిమానో కుదిరే ఉంటుంది, సీనియర్ జాబ్ వచ్చి వేరే ఊరు వెళ్తూ అమ్మిందో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పట్టుకున్నదో. టైటిల్ అనే ఓనర్‌షిప్ కాగితం గురించి, ఇన్సూరెన్స్ గురించి అందరూ చెప్తారు, హెడ్‌లైట్ల ఊసు ఎవరూ ఎత్తరు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఇక డల్లాస్‌లో ఐదున్నరకే చీకటి, క్యాంపస్ నుంచి రూముకి వచ్చేటప్పుడు లేన్ గీతలు కూడా సరిగ్గా కనపడవు, వర్షం పడితే ఇంక చెప్పక్కర్లేదు. బల్బు వీక్ అయిందేమో అని కొత్త బల్బులు కొనేస్తారు చాలామంది. చాలాసార్లు బల్బు బాగానే ఉంటుంది, దాని ముందున్న లెన్స్ పచ్చబడి మసకబారిపోయి ఉంటుంది.

ఆ లెన్స్ గాజు కాదు, పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. 1980ల నుంచి కార్లకి ఇదే వస్తోంది, బరువు తక్కువ, రాయి తగిలినా తొందరగా పగలదు. కాకపోతే ఎండ పడదు దీనికి. అందుకే ఫ్యాక్టరీలోనే పైన సన్నగా ఒక గట్టి కోటింగ్ వేసి పంపిస్తారు, ఎండలోని యూవీని అదే ఆపుతుంది. టెక్సస్, ఆరిజోనా లాంటి చోట్ల ఏళ్ళ తరబడి నీడ లేని పార్కింగ్‌లో పడి ఉన్న కారుకి ఆ కోటింగ్ ముందు పైఅంచున పోతుంది, ఎండ నేరుగా పడేది అక్కడే కదా, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది, ఆ తర్వాత ప్లాస్టికే పచ్చబడుతుంది. ట్రిపుల్ ఏ (AAA) అనే ఇక్కడి వాహనదారుల సంఘం వాళ్ళు 2018లో టెస్ట్ చేసి చెప్పిన లెక్క ఏంటంటే బాగా పాడైన లెన్స్ నుంచి లో బీమ్‌లో కొత్తదానితో పోలిస్తే 20 శాతం చిల్లర వెలుతురే బయటికి వస్తోంది, రిస్టోర్ చేస్తే 70 శాతం దాకా తిరిగి వస్తోంది. ఇరవై డాలర్ల పనికి ఇది చాలా ఎక్కువ.

అయితే మీ కారుకి ఈ పని పనికొస్తుందా లేదా అనేది ముందు చూసుకోండి. లెన్స్ మీద కాసిని నీళ్ళు పోయండి, తడిగా ఉన్నంతసేపు క్లియర్‌గా కనపడి ఆరగానే మళ్ళీ మసకైతే సమస్య పైనే ఉంది, రుద్దితే పోతుంది. లోపల నీటి బొట్లు, ఆవిరి కనపడితే సీల్ పోయినట్టు, బయట ఎంత రుద్దినా ఉపయోగం లేదు. ప్లాస్టిక్ లోపలికి దిగిన వెంట్రుకల్లాంటి సన్న పగుళ్ళు ఉన్నా అంతే, అవి పోవు. అలాంటి కార్లకి హెడ్‌లైట్ మొత్తం మార్చుకోవడమే.

టూత్‌పేస్ట్ చిట్కా అందరికీ తెలుసు, వాట్సాప్ గ్రూపులో అడిగితే మొదటి జవాబు అదే వస్తుంది. పని చేస్తుంది, కాదనను, పేస్ట్‌లో మెత్తటి పొడి ఉంటుంది కాబట్టి పైపై మసక పోయి మెరుస్తుంది, కొన్ని వారాలకి మళ్ళీ మొదటికొస్తుంది, ఎందుకంటే యూవీని ఆపేది ఏదీ మీరు వెయ్యలేదు. డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే కూడా అంతే, నూనె ఉన్నంతసేపే అందం. దోమల స్ప్రే మాత్రం అస్సలు వద్దు. అందులో ఉండే డీట్ ప్లాస్టిక్ పైపొరని కరిగిస్తుంది, చూడ్డానికి అప్పటికి నున్నగా కనపడుతుంది, తర్వాత లెన్స్ ఇంకా పాడవుతుంది, పక్కన పెయింట్ మీద పడితే అదీ పోతుంది.

నేను ఈ విషయంలో ఒకటే పట్టుబడతాను: రుద్దడం సగం పనే, చివర్లో యూవీ కోటింగ్ వెయ్యకపోతే అసలు మొదలుపెట్టొద్దు. రుద్దినప్పుడు మిగిలిన కాస్త ఫ్యాక్టరీ కోటింగ్ కూడా మీరే తీసేస్తున్నారు, ఇంక ఆ ప్లాస్టిక్ ఎండకి ఒట్టి ఒంటితో నిలబడ్డట్టే. వాల్‌మార్ట్, ఆటోజోన్, ఓరైలీ, ఎక్కడైనా 15 నుంచి 30 డాలర్లకి కిట్లు దొరుకుతాయి, ధర కంటే ముందు డబ్బా వెనక చదవండి. యూవీ క్లియర్ కోటో సెరామిక్ కోటో విడిగా ఉందా లేక ఊరికే పాలిష్, వ్యాక్స్ ఇచ్చి సరిపెట్టాడా అని. సిల్వేనియా, సెరాకోట్ కిట్లలో కోటింగ్ కూడా వస్తుంది. వ్యాక్స్ ఒకటి రెండు నెలలకే కొట్టుకుపోతుంది.

ఎక్కడ చేసుకోవాలి అనేది ఇక్కడ పెద్ద ప్రశ్నే. చాలా అపార్ట్‌మెంట్ల లీజులో పార్కింగ్‌లో కారు కడగడం, రిపేర్ చేయడం నిషేధం అని రాసి ఉంటుంది, లీజింగ్ ఆఫీస్ నుంచి నోటీసు వచ్చాక గొడవ పడే కంటే ముందే చదువుకోండి. సొంత ఇల్లు ఉన్న తెలిసినవాళ్ళ డ్రైవ్‌వే అయితే హాయి. నీడ ఉండాలి, మరీ చలి ఉండకూడదు, మర్నాటి దాకా వర్షం లేని రోజు చూసుకోండి.

ముందు సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి, చుట్టూ బంపర్, బానెట్, ఫెండర్ అంచుల మీద నీలం రంగు పెయింటర్స్ టేప్ రెండు వరసలు వెయ్యండి, పేపర్ ఒక్కసారి జారినా పెయింట్ మీద గీత పడుతుంది. మన డెంటింగ్ షెడ్లలో వాడే వాటర్ పేపరే ఇక్కడా. కోటింగ్ పొరలుగా లేచి ఉంటే 600 లేదా 800 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టండి (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ మెత్తన), ఊరికే మసకగా ఉంటే 1000 చాలు, అక్కణ్ణుంచి 1500, 2000, 3000. స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొడుతూనే ఉండాలి, ఎండుగా రుద్దొద్దు. మొదట్లో పసుపచ్చగా నీళ్ళు కారతాయి, పోయేది ఆ పాడైన పొరే, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఆ నంబర్ వదలొద్దు, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే, మొదటి పేపర్‌తో మిగిల్చిన మచ్చ చివరి పేపర్‌తో పోదు. ఒక నంబర్ అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా రుద్దండి, ముందు గీతలు పోయాయో లేదో ఇట్టే తెలుస్తుంది. మధ్యలో లెన్స్ పాల గాజులాగా అయిపోయి ఉన్నది కూడా పాడుచేశానా అని కంగారు పుడుతుంది, 3000 దాటేసరికి దానంతటదే తేరుకుంటుంది. కిట్‌లో పాలిష్ ఇస్తే అప్పుడు అది. డ్రిల్ ఉంటే చెయ్యి నొప్పి తప్పుతుంది గానీ ఒకేచోట ఆపి తిప్పితే ప్లాస్టిక్ వేడెక్కి కాలుతుంది, కదుపుతూ ఉండాలి.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సీవీఎస్‌లోనూ వాల్‌మార్ట్‌లోనూ సీసా దొరుకుతుంది. వేలి జిడ్డు కూడా ఉండకూడదు. పూర్తిగా ఆరాక కోటింగ్, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఒకే దిశలో నెమ్మదిగా లాగండి, అక్కడ సరిగ్గా పడలేదని వెనక్కి వెళ్ళి మళ్ళీ తుడిస్తే చారలు పడిపోతాయి. యూట్యూబ్‌లో కొంతమంది 2కే క్లియర్ స్ప్రే (రెండు రసాయనాలు కలిసి గట్టిపడే క్లియర్ కోట్) కొడతారు, అది నిజంగానే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, సరైన రెస్పిరేటర్ లేకుండా, కోవిడ్ మాస్క్ పెట్టుకుని దాని జోలికి పోవద్దు.

మొబైల్ డీటైలింగ్ వాళ్ళు రెండు లైట్లకి వంద డాలర్ల చుట్టుపక్కల అడుగుతారు. ఇచ్చే ముందు ఏ కోటింగ్ వేస్తారు అని ఒక్క ప్రశ్న అడగండి, జవాబు చెప్పలేక నీళ్ళు నమిలితే వదిలెయ్యండి. ఇంకా కారు కొననివాళ్ళకి కూడా ఒక మాట, 2010 మోడల్ కారుకి లెన్సులు అద్దంలా తళతళలాడుతుంటే నిన్నే రుద్ది పెట్టి ఉండొచ్చు, తప్పేం లేదు, కోటింగ్ వేశారా అని అడిగి తెలుసుకోండి.

మార్చాల్సి వస్తే కరోలా లాంటి కార్లకి ఆఫ్టర్‌మార్కెట్ (వేరే కంపెనీలు చేసే) హెడ్‌లైట్లు చవగ్గానే దొరుకుతాయి, విడిభాగాల నాణ్యత చూసి ఇచ్చే కాపా (CAPA) సర్టిఫికేషన్ ఉన్నవి తీసుకుంటే నయం. కొన్ని మోడల్స్‌కి బంపర్ ఊడదియ్యాలి. మార్చాక వెలుతురు పడే ఎత్తు సరిచేయించుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. హాలోజన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టేద్దాం అనే ఆలోచన కూడా మానుకోండి, ఆ రిఫ్లెక్టర్ దానికోసం చేసింది కాదు, వెలుతురు చెల్లాచెదురు అవుతుంది, ఇక్కడి ఫెడరల్ రూల్ ప్రకారం కూడా కుదరదు.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, డల్లాస్, కాలిన్, డెంటన్, హారిస్ లాంటి కౌంటీల్లో పొగ టెస్ట్ మాత్రం ఉంది. అంటే ఏడాదికోసారి మీ లైట్లు చూసే మనిషి ఇప్పుడు లేడు, మీరే చూసుకోవాలి. వర్జీనియా, పెన్సిల్వేనియా వెళ్ళినవాళ్ళకి ఏటా ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, మరీ మసకబారితే అక్కడ ఫెయిల్ చేసే అవకాశం ఉంది. లైట్ల సంగతి అడగడానికి పోలీసు ఆపితే మన ఊళ్ళోలాగా దిగి ఎదురెళ్ళకండి, కార్లోనే కూర్చుని చేతులు స్టీరింగ్ మీద పెట్టుకోండి.

ఒకసారి చెయ్యి తిరిగాక వీకెండ్లో నాలుగు కార్లకి చేస్తే రెంట్ వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ఆ పని చెయ్యొద్దు, క్యాష్ తీసుకున్నా అది అనుమతి లేని పనే, స్టేటస్‌కే ఎసరు. రూమ్మేట్ కారుకి ఊరికే చేసి పెట్టండి, వాటర్ పేపర్ ఎలాగూ మిగులుతుంది. కోటింగ్ మిగలదు, అది మాత్రం వాణ్ణే కొనుక్కోమనండి.