వ్యాయామం మానకుండా ఉండటం – 4వ పాఠం: 90 వేసుకున్నవాళ్ళు ఎందుకు ఆగిపోయారు?

పోయిన పాఠంలో ఒక ప్రశ్న అడిగాను: వారానికి ఐదు రోజులు, రోజూ అరగంట నడవగలనని మీకెంత నమ్మకం? సున్నా నుంచి 100 లోపు మార్కు వేసుకోమన్నాను. చాలామంది 90 వేసుకున్నారు. వారం తిరక్కుండానే మానేశామని కూడా రాశారు. "నాలో పట్టుదల లేదండీ" అని తీర్పు కూడా ఇచ్చేసుకున్నారు. దయచేసి ఆ తీర్పు వెనక్కి తీసుకోండి. మీరు 90 వేసింది మీ కాళ్ళకు. మానేసింది వాన పడ్డ రోజున.

అల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఈ నమ్మకం గురించి సిద్ధాంతం రాశాడు. వ్యాయామం కోసం ఆయన తయారుచేసిన ప్రశ్నల పట్టీ అడ్డంకుల చుట్టూనే తిరుగుతుంది. అలసిపోయినప్పుడు చేయగలరా? మనసు బాగోనప్పుడు? సెలవులు గడిపి వచ్చాక? ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు? ఆఖరిది మన ఇళ్ళు చూసి రాసినట్టే ఉంటుంది.

దాన్నే తీసుకుందాం. ఆదివారం పొద్దున్నే బావగారు బస్సు దిగి వచ్చారు. మీరు అప్పుడే బూట్లు వేసుకుంటున్నారు. లోపల కాఫీ కలుపుతున్నారు. "ఈ పూటకి మానెయ్ రా, మాట్లాడుకుందాం" అంటారాయన. అరగంట నడిచే సత్తా మీకు లేదని కాదు, ఆ గుమ్మం దాటే ధైర్యం కావాలి. మార్కు వేయాల్సింది దానికి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పొద్దున వేరే మార్కు. పిల్లాడికి జ్వరమొచ్చిన వారం ఇంకో మార్కు. అన్నిటికీ కలిపి ఒకటే 90 వేస్తే అది దేనికీ పనికిరాదు.

మార్కు 70 దాటకపోతే నేనైతే పని తగ్గించేస్తాను. అరగంటకు 40 వస్తే పది నిమిషాలు అనుకుని మళ్ళీ వేసుకోండి. "పది నిమిషాలకు ఏం లాభం?" అని అడగబోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండే వ్యాయామం చెబుతుంది, నిజమే. అక్కడికి తర్వాత చేరుకుందాం. నమ్మకాన్ని అన్నిటికంటే గట్టిగా పెంచేది చేసి చూపించుకున్న పనే. అడుగులు లెక్కపెట్టే యాప్ ఇప్పుడప్పుడే వద్దు, క్యాలెండర్‌లో పెన్నుతో గీత చాలు.

ఇంట్లోవాళ్ళే వద్దంటున్నారా? 1985లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. గుండెపోటు నుంచి కోలుకుంటున్న మగవాళ్ళను ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. భార్యల్లో కొందరు బయట కూర్చున్నారు, కొందరు చూశారు, కొందరు భర్త చేరుకున్న స్థాయిలోనే మూడు నిమిషాలు తామూ నడిచారు. భర్త గుండె తట్టుకోగలదన్న నమ్మకం బాగా పెరిగింది తామూ నడిచినవాళ్ళలోనే. కాబట్టి వాదించకండి, ఒకరోజు వెంట తీసుకెళ్ళండి.

అభ్యాసం: మిమ్మల్ని నిజంగా ఆపిన ఏడు సందర్భాలు రాయండి. "బద్ధకం" అని రాస్తే కుదరదు. రోజు, వేళ, ఎవరేమన్నారో ఉండాలి. ఒక్కోదానికి పొద్దున ఒకసారి, రాత్రి బాగా అలసిపోయాక ఒకసారి మార్కు వేయండి. రెంటిలో తక్కువదే లెక్క. అది 70 దాటేదాకా నిమిషాలు తగ్గించుకుంటూ పోండి. ఐదు నిమిషాలకు దిగినా ఫరవాలేదు. ఆ పట్టీ దగ్గర పెట్టుకునే 5వ పాఠం చదవండి.