పటం చదవడం నేర్చుకుందాం – 5: చెరిగిపోయిన సరిహద్దును పట్టుకోవడం

గత పాఠంలో స్కేలు, గుర్తులు చూశాం. ఈసారి పటంలో లేని గీత గీద్దాం. అది హైదరాబాద్ సంస్థానం పొలిమేర. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1956 నవంబరు 1న భాషల వారీగా మూడు రాష్ట్రాలకు పంపకమైంది.

జిల్లాల పటం, పెన్సిల్ తీసుకోండి. తెలంగాణకు ఒక రంగు వేయండి. ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్), బీడ్, పర్భణీ, నాందేడ్, ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) ఉన్న మరాఠ్వాడాకు ఇంకొకటి. హైదరాబాద్-కర్ణాటక అని పిలిచిన బీదర్, గుల్బర్గా (ఇప్పుడు కలబురగి), రాయచూరు ప్రాంతానికి మరొకటి. మూడింటి చుట్టూ గీత లాగితే పాత సంస్థానం సుమారుగా కనబడుతుంది.

ఇక సాక్ష్యాలు వెతకాలి. మొదటిది సెప్టెంబరు 17. మూడు ప్రాంతాల్లోనూ ఆ రోజు జెండా ఎగరేస్తారు, మిగతా మహారాష్ట్రకూ మిగతా కర్ణాటకకూ అది మామూలు రోజే.

రెండో సాక్ష్యం రాజ్యాంగం. 371వ అధికరణ మరాఠ్వాడాకు ప్రత్యేక అభివృద్ధి బోర్డు ఏర్పాటుకు వీలిచ్చింది. 2012లో 98వ సవరణతో వచ్చిన 371-జె హైదరాబాద్-కర్ణాటకకు చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానిక రిజర్వేషన్లు తెచ్చింది. విలీనమైన 64 ఏళ్లకు కూడా వెనుకబాటును చట్టంతో సరిచేయాల్సి వచ్చిందంటే, కలపడం ఒక్కరోజు పని కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. సంతకంతో రాజ్యాలు కలుస్తాయి. బడులు, కొలువులు సమానం కావడానికి తరాలు పడుతుంది.

ఇక్కడ జాగ్రత్త! 371-జె కింద బళ్లారి కూడా ఉంది. 1948 నాటికి అది నిజాం ఏలుబడిలో లేదు, 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. చట్టం గీతనూ చరిత్ర గీతనూ ఒకటనుకుంటే పటం తప్పుతుంది. స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో అవకాశాలు చూసే 371-డి అయితే అసలు గీతే చూపదు, ఎందుకంటే అది రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. అయినా అది పుట్టింది 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల నుంచే. వాటి వెనకున్నది నిజాం కాలపు ముల్కీ నిబంధనల (ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాల) గొడవ. అలాగే విదర్భకూ 371 కింద బోర్డుకు వీలుంది, అంతమాత్రాన దాన్ని లోపల వేయకండి.

తెలంగాణ వైపు కూడా ఒక సవరణ ఉంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, అంటే విలీనం నాటికి సంస్థానంలో లేదు. రంగు వేసి ఉంటే అక్కడ చెరిపేయండి.

అభ్యాసం: మీ ఊరి పెద్దలను పాత గ్రామాధికారులను ఏమని పిలిచేవారో అడగండి. పటేల్, పట్వారీ (సంస్థానం వైపు పేర్లు) అంటే ఒక చుక్క, మునసబు, కరణం (అవతలి వైపు పేర్లు) అంటే వేరే రంగు చుక్క పెట్టండి. గీతకు దగ్గరి ఊళ్లు కనీసం పది ఉండాలి. వచ్చే పాఠంలో ఆ చుక్కలను రైలు మార్గాల పటంతో పోల్చి చూద్దాం.