బోటింజను వేడెక్కుతోందా? ముందు గొట్టాల జాయింట్లు చూడండి

తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్‌లో డీజిలింజను బోటు నడిపేవాళ్లకు ఇంజనును చల్లబరిచే నీళ్ల గొట్టం పాడైతే దగ్గర్లో దొరికేది బోరు సామాన్ల కొట్టే. తిరుపతి దాకా పోయినా ‘ముప్పావు ఇంచు ఇవ్వన్నా’ అనే అడుగుతాం. తేడా మొదలయ్యేది ఆ మాటతోనే.

సమస్య: గొట్టం జారిపోతోంది. క్లిప్పు గట్టిగా బిగిస్తే రబ్బరు మడతపడి, ఆ మడతలోంచే నీళ్లు కారుతున్నాయి.
కారణం: గొట్టానికి చెప్పేది లోపలి కొలత. ముప్పావు ఇంచు గొట్టం లోపల 19 మి.మీ. ఉంటుంది. పైపు మర అలా కాదు. ముప్పావు ఇంచు మరను బయట కొలిస్తే 26 మి.మీ. పైనే వస్తుంది. అది చూసి ఇంచు గొట్టం కొంటే, గొట్టం తొడిగే నిపుల్ మీద వదులైపోతుంది.
పరిష్కారం: సందులో ట్యూబు ముక్క చుట్టకండి, వేడికి అది నిలవదు. గొట్టానికి సరిపోయే నిపుల్ వేయండి. నిపుల్ పొడవు చాలితే రెండు క్లిప్పులు పెట్టండి.

సమస్య: మర దగ్గర చెమ్మ. టేపు ఎంత చుట్టినా ఆగదు.
కారణం: మన పైపు సామాన్లది బీఎస్పీ మర, అంటే బ్రిటిష్ కొలత. కొన్ని విదేశీ ఇంజన్లకు, పంపులకు ఎన్‌పీటీ మర వస్తుంది, అది అమెరికా కొలత. అర, ముప్పావు ఇంచు సైజుల్లో రెండింటికీ ఇంచుకు 14 మరలే కాబట్టి ఒకదాంట్లో ఒకటి ఎక్కేస్తాయి. మర కోణం మాత్రం బీఎస్పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. మెకానిక్కులనే తికమక పెట్టే తేడా ఇది. ఇంచు సైజులో బీఎస్పీకి 11 మరలు, ఎన్‌పీటీకి 11.5 కాబట్టి కొన్ని చుట్లకే పట్టేస్తుంది. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే పంపు బాడీ పగలొచ్చు.
పరిష్కారం: ఒకవైపు బీఎస్పీ, ఇంకోవైపు ఎన్‌పీటీ ఉన్న అడాప్టర్. పాత ముక్క చేతిలో పట్టుకుని కొట్టుకు పోండి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి మరలు కలుస్తున్నాయా చూడండి.

సమస్య: బయట చుక్క కూడా కారదు. అయినా సైలెన్సర్‌లోంచి వచ్చే నీళ్లు తగ్గి ఇంజను కాగుతోంది.
కారణం: ఇది అన్నిటికంటే ప్రమాదం. నీళ్లు లాగే వైపు జాయింటు వదులైతే నీళ్లు బయటకు రావు, గాలి లోపలికి పోతుంది. సైజు తగ్గించే సన్న రెడ్యూసర్ వేసినా, మెత్తటి గొట్టం పీల్పుకు అణిగిపోయినా ఇదే లక్షణం.
పరిష్కారం: ఇంజను నడుస్తుండగా, బెల్టుకు దూరంగా ఉండి, ఒక్కో జాయింటుకు చిక్కటి గ్రీజు పూయండి. దేనికి పూసినప్పుడు నీళ్లు పెరిగాయో తప్పు అక్కడుంది. ఆ వైపు తీగచుట్ట ఉన్న గొట్టమే వాడండి, రంధ్రం ఎక్కడా సన్నం కానివ్వకండి.

ఉప్పునీళ్లలో మామూలు ఇత్తడి నిపుల్ ఎర్రబారి పెళుసెక్కుతుంది. రాగి, తగరం కలిపిన గన్‌మెటల్ ఖరీదెక్కువే, అయినా నీటిమట్టానికి కింద అదే వేయాలి.

పనికి ముందు ఇంజను చల్లారనిచ్చి, బోటు అడుగున నీళ్లు లోపలికొచ్చే వాల్వు మూయండి. అయ్యాక వాల్వు తెరిచి స్టార్ట్ చేయండి. కాసేపట్లో సైలెన్సర్‌లోంచి నీళ్లు రాకపోతే వెంటనే ఆపేయండి, నీళ్లు లేకుండా తిరిగితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు తెగి ముందుకు పోయి ఇరుక్కుంటాయి.