చేర్యాల పటం, పెంబర్తి ఇత్తడి: ఒక్క రోజులో చూసి కొనే తీరు

చేర్యాల పటమంటే గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసిన పొడవాటి చుట్ట, పెంబర్తి పేరు ఇత్తడి పనికి. రెండూ ఒకే రోజు చూడాలంటే ముందు చేర్యాల, తర్వాతే పెంబర్తి. ఇత్తడి సామాను మోసుకుంటూ తిరగడం కష్టం, పైగా పటం రంగులు పగటి వెలుగులోనే సరిగ్గా తెలుస్తాయి. వరంగల్ వైపు నుంచైతే కాజీపేటలో సికింద్రాబాద్ వైపు రైలెక్కి జనగామలో దిగండి. అన్ని బండ్లూ అక్కడ ఆగవు, చూసుకుని టికెట్ తీసుకోండి. జనగామలో సిద్దిపేట బస్సెక్కితే చేర్యాల దారిలోనే తగులుతుంది.

అక్కడ వరుసగా షాపులుంటాయనుకుంటే పొరపాటే. ఈ పటాలు గీసే నకాషీ కళాకారుల ఇళ్లే దుకాణాలు, అవే గ్యాలరీలు. ఎగ్జిబిషన్లకు పోయారంటే ఇంటికి తాళమే ఉంటుంది, అందుకే ముందురోజు ఫోన్ చేయాలి. వెళ్లాక ధరకన్నా ముందు కథ అడగండి. ఈ పటాలు గోడకు తగిలించడానికి పుట్టినవి కావు, ఊరూరా విప్పి కథ చెప్పడానికి గీసినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. పాత పటాలు మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైగా పొడవు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఒకటి రెండు ఘట్టాల చిన్న ముక్కలు. ఒకే సైజులో బొమ్మలు ఎక్కువై, గీత సన్నబడితే ధర పెరుగుతుంది. అది న్యాయమే.

అసలుదో ప్రింటో తేల్చుకోవాలంటే వెలుగుకు ఏటవాలుగా పట్టి నల్లగీత చూడండి. కుంచె గీతలో రంగు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా తేలుతుంది. ప్రింటు అంతా చదునుగా ఉంటుంది. ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి మూడు పూతలు వేస్తారు. కాబట్టి పటాన్ని మడవొద్దు, మడత పడ్డచోట పూత పగిలి రంగు రాలుతుంది. లావుపాటి గొట్టానికి చుట్టించుకోండి. తడిగుడ్డతో తుడవొద్దు. రంపపు పొట్టు, చింతగింజల పిండితో ఇక్కడే చేసే బొమ్మలకూ, మాస్కులకూ తడి పడదు.

మళ్లీ జనగామకు వచ్చి హైదరాబాద్ రోడ్డున ఆటోలో పెంబర్తి. ఇక్కడి పేరున్న పని రేకు పని: ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, ఉలి సుత్తెలతో బొమ్మ తేలుస్తారు. వెనక్కి తిప్పితే ఉబ్బు ఉన్నచోట గుంట కనిపించాలి. గుంట లేకుండా బరువుగా ఉంటే అది పోతపోసింది. అదీ మంచిదే, కానీ రేకు పని కూలి దానికి ఇవ్వకండి. అతుకుల మీద వేలితో నిమిరి చూడండి, వేలు గీసుకుంటే పని తొందరలో ముగించారన్నమాట. గుడి తలుపుకో, విగ్రహానికో తొడుగు కావాలంటే టేపు కొలతలు ఒక్కటే చాలవు, ఆకారాన్ని కాగితం మీద కత్తిరించి తీసుకెళ్లండి. మెరుపు పూత వేసిన వస్తువును చింతపండుతో తోమితే పూత మచ్చలుగా లేస్తుంది, పొడిగుడ్డ చాలు. పూత వేశారో లేదో డబ్బులిచ్చే ముందే అడగండి.