ఎండలు ముదరకముందే ఫైర్ కాంట్రాక్టరు కాగితాలు చూసుకోండి

మార్చి దాటితే తిరుపతి లాడ్జీలకు ఊపిరి సలపదు. పరీక్షలు అయిపోయి పిల్లలతో కొండకు వచ్చేవాళ్లు, పెళ్లి ముహూర్తాలు, మే నెలలో గంగమ్మ జాతర. గదులన్నీ నిండి, ఏసీలు రాత్రీ పగలూ ఆడుతూ, పాత వైరింగ్ వేడెక్కేది ఈ రోజుల్లోనే. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. మంటలార్పే సిలిండర్లు నింపుతాం, పైపులు వేస్తాం, కాగితాలన్నీ చూసుకుంటాం అంటూ కాంట్రాక్టర్లు గుమ్మం ఎక్కేదీ అప్పుడే. పని ఒప్పుకునే ముందు వాళ్ల ఫైలు తీసుకుని ఒక అరగంట కూర్చోండి. అందులో ఒక్కో కాగితం ఒక్కో విషయాన్నే చెబుతుంది. ఒకదాన్ని చూపించి ఇంకోదానికి సరిపెట్టే చోటే యజమానులు మోసపోతున్నారు.

‘మీకెందుకు సామీ టెన్షన్, ఎన్‌ఓసీ నేను తెస్తా కదా’ అనే మాట దగ్గరే మొదలుపెడదాం. ఎన్‌ఓసీ అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం. అది భవనానికి ఇచ్చేది, కాంట్రాక్టరుకు కాదు. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం కింద బాధ్యత యజమానిది. 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. కల్యాణ మండపాలు, సినిమా హాళ్లు, బడుల వంటి జనం గుమికూడే చోట్లకైతే స్థలం 500 చదరపు మీటర్లున్నా, ఎత్తు 6 మీటర్లున్నా కావాలి. కాంట్రాక్టరు మహా అయితే ప్లాన్లు గీయించి, ఆన్‌లైన్ దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాడు. లాగిన్, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అతను పది లాడ్జీల ఎన్‌ఓసీలు చూపించాడంటే ఆ పది భవనాలకు అనుమతి వచ్చిందనే అర్థం. అది అతని లైసెన్సు కాదు.

తర్వాత జీఎస్టీ. పన్ను కడుతున్నాడని తప్ప పని వచ్చని అది చెప్పదు. అయినా నంబరు చూడండి. మొదటి రెండంకెలు 37 అయితే మన రాష్ట్రం, 33 తమిళనాడు, 29 కర్ణాటక. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చి చేసేవాళ్లలో మంచి పనివాళ్లు ఉన్నారు, కాదనను. కానీ జూన్‌లో పంపు మొరాయిస్తే ఇక్కడికి ఎవరు వస్తారో, ఎన్ని గంటల్లో వస్తారో ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. వేరే రాష్ట్రం లైసెన్సు చూపిస్తే అది ఆ రాష్ట్రానిదే అనుకోండి. మహారాష్ట్రలో 2006 చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెన్సీలే ఈ పనులు చేయాలి, ఏటా జనవరిలో, జూలైలో పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయని చెప్పే బి ఫారం ఇవ్వాలి. ఆ లైసెన్సు కాపీ చూసి ఇక్కడ కూడా అనుమతి ఉన్నట్టే అనుకోకూడదు. ఏ రిజిస్ట్రేషన్ చూపించినా నంబరు, గడువు తేదీ రాసుకుని జిల్లా అగ్నిమాపక అధికారి ఆఫీసులో ఒకసారి అడగండి. అడిగితే కాంట్రాక్టరు నొచ్చుకుంటాడేమో అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు.

కరెంటు పనికి మాత్రం లైసెన్సు అడగాల్సిందే. ఫైర్ పంపు ప్యానెల్, దానికి వేసే కేబుళ్లు, అలారం ప్యానెల్‌కు ఇచ్చే సప్లై, ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి. పైపులు వేసే కుర్రాడే సాయంత్రానికి వైర్లు కూడా కలిపేస్తున్నాడంటే అక్కడే ఆపండి. మంటలు ఆర్పడానికి పెట్టిన పంపు దగ్గరే షార్ట్ సర్క్యూట్ అయితే ఎవరికి చెప్పుకుంటాం?

ఇక సిలిండర్లు. ఎక్కువ మోసం జరిగేది వీటి దగ్గరే. పట్టుకెళ్లి, ఎర్ర రంగు పూసి, కొత్త స్టిక్కరు అంటించి తెచ్చేస్తారు. లోపల పౌడర్ గడ్డకట్టి అలాగే ఉంటుంది. అందుకే ఒంటి మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అనే ప్రమాణం నంబరు, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయా చూడండి. ఆ సీఎం/ఎల్ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ తయారీదారుదో, ఇంకా చెల్లుతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఐఎస్ఐ గుర్తు తయారీకి సంబంధించినది. నింపేవాడికి అది లైసెన్సు కాదని మర్చిపోకండి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు ముల్లు చూపించే మీటరు ఉండదు, తూకమే ఆధారం. మెడ దగ్గర ఖాళీ బరువు గుద్ది ఉంటుంది. తిరిగి రాగానే పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టి, వచ్చిన బరువులోంచి దాన్ని తీసేయండి. మిగిలేదే గ్యాసు బరువు. నాలుగున్నర కిలోల గ్యాసు పట్టే సిలిండరులో అది పదో వంతుకు మించి తగ్గిందంటే మళ్లీ నింపించాల్సిందే. ఈ గ్యాసు నింపడానికి, సిలిండరు ప్రెషర్ టెస్టుకు 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి ఉండాలి. ‘ఎక్కడ నింపించావు, ఆ స్టేషన్ లైసెన్సు కాపీ, టెస్టు సర్టిఫికెట్ ఇవ్వు’ అని అడగండి. సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరు, సిలిండరు మీద గుద్దిన నంబరు ఒకటే కావాలి. పౌడర్ సిలిండర్లకు మూడేళ్లకోసారి, కార్బన్ డయాక్సైడ్‌కు ఐదేళ్లకోసారి ప్రెషర్ టెస్టు. పౌడరుది పదేళ్లు దాటితే ఎంత మెరిసినా పక్కన పెట్టేయడమే.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా పని కళ్లతో చూడకుండా ఆఖరి బిల్లు ఇవ్వకండి. పైఅంతస్తు హోస్ రీల్ విప్పి నీళ్లు వదలమనండి. ప్రెషర్ పడగానే పంపు దానంతట అదే లేవాలి, ఎవరో పరుగెత్తి స్విచ్ వేయకూడదు. గదుల్లో మంట వేడికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ ఎర్ర బల్బు 68 డిగ్రీలకు పగలాలి. సున్నం వేసేవాళ్లు దాని మీద రంగు పూసేసి ఉంటే దాన్ని నమ్మలేం, మార్పించండి.

మెట్ల సంగతి ఏ కాంట్రాక్టరు ఫైలులోనూ ఉండదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి కమ్మేసి ఎనిమిది మంది పోయారు. మన బస్టాండు చుట్టుపక్కల కూడా కింద కొట్లు, పైన గదులే. సీజన్‌లో పరుపులు, దుప్పట్ల మూటలు మెట్ల మీద పడేయకండి, రెండో తలుపుకు తాళం వేయకండి.

ఒక పని మాత్రం ఈ నెలలోనే చేయండి. పౌడర్ గడువు తీరి రీఫిల్‌కు వెళ్లే సిలిండర్లలో ఒకటి ఆపి, నైట్ షిఫ్ట్ కుర్రాళ్లను ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లండి. గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబెట్టి, పిన్ను లాగించి, చిన్న మంట పెట్టి దాని మొదట్లోకి కొట్టించండి. పక్కనే నిండు సిలిండరు ఒకటి, రెండు బకెట్ల నీళ్లు ఉంచుకోండి. మంట పెద్దదైతే ఆర్పే ప్రయత్నం మాని 101కి ఫోన్ చేసి, గదుల తలుపులు కొట్టాలని ఆ రోజే చెప్పండి.