ఇంటికి నెట్ పెట్టించుకునే ముందు వైరు సంగతి చూడండి

పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో కేబుల్ టీవీ వైర్లు లాగిన రోజుల నుంచి నాది ఇదే పని. అప్పుడు సంచిలో రాగి వైరు ఉండేది, ఇప్పుడు ఫైబర్ చుట్ట, అందులో వెలుగు ఎంత అందుతోందో కొలిచే పవర్ మీటరు ఉంటున్నాయి. కొత్త కనెక్షన్ అడిగే ప్రతివాళ్లూ ముందు "ఎంత స్పీడండీ?" అనే అంటారు. వైరు ఎటునుంచి వస్తుంది, వైఫై బాక్సు ఎక్కడ పెడతారు, చెడితే ఎవరొస్తారు అని మాత్రం ఎవరూ అడగరు. నెట్ బాగుండేదీ, విసిగించేదీ ఈ మూడింటి వల్లే.

అసలు మీకు కావాలా? ఇంట్లో ఇద్దరే ఉండి వాట్సాప్, కాస్త యూట్యూబ్‌తో సరిపెట్టుకుంటే ఫోన్ డేటా చాలు, నేనే వద్దంటాను. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్లతో రోజూ వీడియో కాల్, టీవీలో ఓటీటీ, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, రొయ్యల చెరువు గట్టున కెమెరా, వీటిలో రెండు ఉన్నా పెట్టించుకోండి. ఫోన్ టవరు మీ ఒక్కరిది కాదు, చుట్టూ ఉన్న వాళ్లందరిదీ. సంక్రాంతికి ఊరంతా అల్లుళ్లతో నిండాక ఆ టవరు పడే అవస్థ మీకు తెలిసిందే. ఇంకో లాభం చాలామందికి తెలీదు. కొబ్బరి తోటల మధ్య ఇళ్లలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మామూలు కాల్స్ కూడా ఇంటి నెట్ మీదే వెళ్తాయి. ఫోనూ, సిమ్ కంపెనీ రెండూ అందుకు ఒప్పుకోవాలి, అంతే.

ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. మన సఖినేటిపల్లి మండలం మోరికి 2016 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం వారి ఏపీ ఫైబర్‌నెట్ వచ్చినప్పుడు దాన్ని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఒకే వైరు మీద నెట్, టీవీ, ఫోన్. ఆపరేటర్ దగ్గర బయలుదేరిన ఒక పోగుని దారిలో స్ప్లిటర్ పెట్టి 16 ఇళ్లకో 32 ఇళ్లకో పంచుతారు. పంట కాలువకి తూములు పెట్టుకున్నట్టే, అందరూ ఒక్కసారి ఎత్తితే ఎవరి వాటా వాళ్లకి తగ్గుతుంది. అందుకే ప్లాన్ కాగితం కన్నా పక్కింటివాళ్ల మాట నమ్మండి. రాత్రి 9 గంటలకి ఎలా వస్తుందో వాళ్లని అడగండి.

స్పీడు లెక్క తేలికే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 100 మెగాబిట్లు. సినిమా సైజు చెప్పేది మెగాబైట్లలో, కాబట్టి 8తో భాగించండి: సెకనుకి 12.5 మెగాబైట్లు. ఒక జీబీ ఫైలు దిగడానికి నిమిషంన్నర లోపే పడుతుంది. టీవీలో హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 చాలు. నలుగురున్న ఇంటికి 50 సరిపోతుంది. వీడియో కాల్, చెరువు కెమెరా ఉంటే అప్‌లోడ్, అంటే మీ వైపు నుంచి బయటికి వెళ్లే స్పీడు, ఎంతో విడిగా అడగండి. 499 అన్న ప్లానుకి 18 శాతం జీఎస్‌టీ కలిపితే 589 అవుతుంది. అన్‌లిమిటెడ్ అన్నా ఎన్ని జీబీల తర్వాత స్పీడు తగ్గిస్తారో కనుక్కోండి. మొదట్లోనే ఏడాది డబ్బు కట్టకండి. ఒక వానాకాలం నెలనెలా కట్టి చూడండి.

వైరు లాగే రోజు ఇంట్లో ఉండండి. కొబ్బరి చెట్ల కింద నుంచి వద్దనండి. ఎండు మట్ట ఒక్కటి పడితే చాలు, తెగిపోతుంది. ఉడతలు కొరికేది వేరే. కిటికీ మూలలో వైరుని మడిచి మేకు కొడితే పైకి బాగానే ఉంటుంది, కానీ గాజు కదా, ఆ మడత దగ్గర వెలుగు కారిపోతుంది. మూలని గుండ్రంగా తిప్పించి, రెండు మూడు గజాల వైరు చుట్ట చుట్టి వదలమనండి, రేపు తెగితే అతుక్కోవడానికి పనికొస్తుంది. చివర్లో పవర్ మీటరు పెట్టించి అంకె మీరే చూడండి. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాకా పోతే ఇవాళ నెట్ వచ్చినా ఒప్పుకోకండి, అతుకు మళ్లీ వేయించండి.

బాక్సు ఇంటి మధ్యలో, మనిషెత్తున ఉండాలి. టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, చేపల తొట్టి దగ్గర వద్దు. పాత పెంకుటిళ్ల మందపాటి గోడలు వైఫైని బాగా ఆపేస్తాయి. పేరు చివర 5జీ అని కనిపించే వైఫైకి ఫోన్ 5జీతో సంబంధం లేదు. అది దగ్గర్లో వేగంగా ఉంటుంది, గోడ దాటితే నీరసిస్తుంది. 5జీ అని లేని రెండో పేరు నెమ్మదైనా దూరం పోతుంది. టీవీ కదలదు కాబట్టి దానికి బాక్సు నుంచి నేరుగా లాన్ వైరే ఇవ్వండి.

మనకి కరెంటు కోతలు మామూలే. బాక్సు అడాప్టర్ మీద రాసిన వోల్టులకి సరిపడే మినీ యూపీఎస్ కొనండి, ఎక్కువ బాక్సులకి 12 వోల్టులే. స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ దగ్గర బ్యాటరీ నిలిచినంతసేపు మీకూ నెట్ వస్తుంది. పిడుగు ఫైబర్ మీదుగా రాదు గానీ ప్లగ్గు మీదుగా వస్తుంది, ఉరిమితే పీకేయండి.

బాక్సు మీద ఎల్ఓఎస్ (వెలుగు అందట్లేదని చెప్పే గుర్తు) దగ్గర ఎర్ర లైటు కొట్టుకుంటే బాక్సు దాకా వచ్చే లైనులో ఎక్కడో తేడా వచ్చిందన్నమాట. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. వైరు ఊడదీసి కొసలోకి చూడకండి, ఆ వెలుగు కంటికి కనపడదు గానీ కన్ను పాడుచేయొచ్చు. ఎర్ర లైటు లేకుండా నెట్ రాకపోతే బిల్లు గడువు చూసుకుని ఒకసారి ఆపి వేయండి. అయినా రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. రోజులు గడిచినా ఎవరూ రాకపోతే ఆ నంబరుతోనే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయొచ్చు. మీరు నాకు ఫోన్ చేసినా ముందు నేనడిగేది ఆ నంబరే, తర్వాత ఎర్ర లైటు ఉందా లేదా అని.