కడుపు పండాలంటే ముందు టేపు తీయండి

హన్మకొండలో నా దగ్గరికి డైట్ కోసం వచ్చే ఆడవాళ్లలో పిల్లల కోసం చూస్తున్నవాళ్లే ఎక్కువ. కుర్చీలో కూర్చోకముందే "ఎన్ని కిలోలు తగ్గాలె మేడం?" అంటారు. నేను ముందు టేపు తీస్తా. మన ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు పేరుకుంటున్నట్టే. తర్వాత మెడ వెనక చూస్తా. అక్కడ నల్లగా, మందంగా ఉంటే అది సున్నిపిండి పెట్టి రుద్దితే పోయే మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి గుర్తు. పని జరగక ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. దాంతో అండాశయాల్లో మగ హార్మోన్లు పెరిగి అండం ఎదగదు, నెలసరి తప్పుతుంది.

అందుకే ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), థైరాయిడ్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దాకా వచ్చినట్టు. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లు 6.5 లోపుకు తెచ్చుకున్నాక గర్భం దాలిస్తే బిడ్డకు మంచిది. భర్తకు వీర్య పరీక్ష కూడా ఇప్పుడే కావాలి. "మా పిలగానికేం తక్కువ?" అనే అత్తమ్మలకు నేనే నచ్చజెప్తా, కోడలితో అనిపించను.

ఇక బరువు. ఉన్నదాంట్లో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అంటే 80 కిలోలున్న ఆమెకు 4 నుంచి 8 కిలోలు. పెళ్లినాటి చీర జాకెట్టు పట్టేదాకా ఆగక్కర్లేదు.

"రాత్రి అన్నం బంద్ పెట్టిన మేడం."
"మరేం తింటున్నవమ్మా?"
"నాలుగు చపాతీలు, ఆలుగడ్డ కూర."

ఈ ముచ్చట నాకు రోజూ ఉండేదే. అన్నం మానేసి చపాతీలు పెంచితే ఒరిగేదేం లేదు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగతా పావులోనే అన్నం లేదా ఒక జొన్నరొట్టె. పుంటికూర పప్పు, బొబ్బర్ల కూర, ఉలవచారు మన ఇండ్లల్ల ఉండేవే. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్న కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. పొద్దున బోండా, పూరి బదులు పెసరట్టు తినండి. ఒక్కపొద్దు పేరుతో పగలంతా చక్కెర చాయ్, రాత్రి పళ్లెం నిండా పులిహోర తింటే దేవుడు సంతోషిస్తాడేమో గానీ ఇన్సులిన్ సంతోషించదు. అట్లని కడుపు మాడ్చుకోకండి, దాంతోనూ అండం విడుదల ఆగిపోవచ్చు.

వారానికి 150 నిమిషాల నడక ఉండాలి. పొద్దున భద్రకాళి బండ్ మీదికి పోతే సంతోషమే. పోలేనివాళ్లు రాత్రి తిన్నాక పావుగంట డాబా మీద తిరగండి, సీరియల్ ఫోన్‌లో వినుకుంట అయినా సరే.

గర్భానికి మూడు నెలల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 30 దాటితే ఎక్కువ మోతాదు కావాలేమో డాక్టర్‌నే అడగండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర పక్కింటామె చెప్పిందని కొనుక్కోవద్దు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. వాటి మీద ఉన్నన్నాళ్లు గర్భం రాకుండా చూసుకోవాలి. వాటిలో సెమాగ్లూటైడ్ అనేదాన్నైతే కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

వయసు 35 దాటితే బరువు తగ్గేదాకా డాక్టర్ దగ్గరికి పోకుండా ఉండొద్దు, రెండూ ఒకేసారి నడవాలి. నెలసరే సరిగ్గా రానివాళ్లు ఏ వయసులోనైనా ఆగొద్దు. పోయేముందు గోడ క్యాలెండర్‌లో రౌండ్ చుట్టిన నెలసరి తేదీలను ఫొటో తీసుకపోండి. డాక్టర్ మొదట అడిగేది అవే.